మా తమ్ముడు చెయ్యిచ్చాడు

మొన్న ఆదివారం మా తమ్ముడింట్లో టీవీ ముందు చాప మీద కూర్చుని, ఎక్కడో సముద్రాల అవతల ఒక దేశంలో, నీలిమందు కలిపినట్టున్న నీళ్ళలో ఆడపిల్లలు వరసల్లో ఈదుతుంటే చూస్తున్నాను. ఒక పిల్ల ఈదుకుంటూ వచ్చి గోడ ముట్టుకోవడమే ఆలస్యం, పైన దిమ్మ మీద వంగి నిలబడ్డ ఇంకో పిల్ల వచ్చినదాని తల మీదుగా ఎగిరి నీళ్ళలో పడిపోయింది. వచ్చిన పిల్ల గోడ పట్టుకుని రొప్పుతూ ఉండిపోయింది, దాని వంక చూసినవాళ్ళు లేరు. నేను పక్కకు తిరిగి మా తమ్ముడి మొహం చూశాను. వాడు టీవీ చూడడం లేదు. కుడి అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకుంటున్నాడు.

ఆ చెయ్యి సంగతే రాద్దామని కూర్చున్నాను. మన ఈడువాళ్ళు చదివితే చాలు, వాళ్ళకే అర్థమవుతుంది. నేను ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణ ఒడ్డున పుట్టి, అక్కడే మెట్టి, అక్కడ పట్టిన చేపలే గంపకెత్తుకుని అమ్మి, అక్కడే ముసలిదాన్నయ్యాను. అక్షరాలు నేర్చుకున్నది నా పిల్లలు బళ్ళో పెద్ద తరగతులకొచ్చాక. అందుకని నా రాతలో సొగసు వెతక్కండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నాకు తెలుసు, దానికే మా ఇంట్లోవాళ్ళు నాకు దూరం నుంచి దణ్ణం పెడుతుంటారు.

మా రోజుల్లో చేపలు పట్టే మా పల్లెవాళ్ళ పిల్లలకు ఈత ఎవరూ నేర్పినట్టు గుర్తులేదు. నడక ఎవరు నేర్పారంటే ఏం చెబుతాం, ఇదీ అంతే. కానీ ఈతతో పాటు రెండు పద్ధతులు మాత్రం పెద్దవాళ్ళు వీపు మీద చరిచి మరీ నేర్పేవారు. ఒకటి, నీళ్ళలో ఉన్న మనిషిని ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే నీళ్ళు మింగుతాడు. అందుకే మా ఆడవాళ్ళు మగవాళ్ళ పడవలు సుడిలోకి పోతున్నా సరే, పైట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేవాళ్ళు గానీ నోరు తెరిచేవాళ్ళు కారు. రెండోది, నీళ్ళలోంచి వచ్చేవాడికి చెయ్యివ్వాలి. పడవ పక్కకు ఎవడు ఈదుకుంటూ వచ్చినా, చేతిలో వలే ఉండనీ చంటిబిడ్డే ఉండనీ, అది కింద పెట్టి వంగి వాడి చెయ్యి పట్టుకుని లాగాలి. వాడు మనవాడా పగవాడా అన్నది పడవెక్కాక చూసుకోవాలి. వల వేసే చోటు దగ్గర తగాదా పడి ఏళ్ళ తరబడి మాటల్లేని రెండు ఇళ్ళవాళ్ళు నాకు తెలుసు, పెళ్ళిళ్ళకు చావులకు కూడా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. వాళ్ళు కూడా నీళ్ళలో ఎదురుపడితే ఒకరికొకరు చెయ్యిచ్చుకుని, ఇచ్చాక మొహాలు తిప్పుకునేవారు.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కొత్తగా లేచిన రోజులవి. ఊళ్ళోకి ఉద్యోగాలు వచ్చాయన్నారు, వచ్చాయి కూడా, కానీ కాస్తో కూస్తో చదివినవాళ్ళకు. మా మగపిల్లలు వెళ్ళి గేటు దగ్గర నిలబడితే, సంతకం పెట్టగలవా అని అడిగి వెనక్కి పంపేవారు. నేను కాలనీలో క్వార్టర్ల మధ్య చేపల గంపతో తిరుగుతూ, ఫ్యాను కింద కూర్చున్న మగవాళ్ళను చూసి, మా ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఊహించుకుని నవ్వుకునేదాన్ని. అలాంటి రోజుల్లో కృష్ణ మీద ఈతపందేలు పెడుతున్నారని, నలుగురేసి జట్టుగా ఒకరి తర్వాత ఒకరు ఈదాలని, గెలిచిన జట్టులో నలుగురికీ స్నానాల రేవుల దగ్గర మునిగిపోయేవాళ్ళను తీసే ఈతగాళ్ళుగా పర్మనెంటు ఉద్యోగం ఇస్తారని చాటింపు వేశారు. సంతకం అక్కర్లేని సర్కారు ఉద్యోగం. మా వాడ మొత్తానికి నిద్ర పట్టలేదు.

మా జట్టులో మా పెదనాన్న కొడుకులిద్దరు, మా ఆయన, మా తమ్ముడు. పెద్దవాడు మొదట, మా ఆయన రెండు, మా తమ్ముడు మూడు, చిన్నవాడు ఆఖరు. నది మధ్యలో బల్లకట్టును లంగరేసి నిలబెట్టారు. రేవు మెట్ల మీంచి దూకి, బల్లకట్టును చుట్టి, మళ్ళీ రేవుకొచ్చి అక్కడ పాతిన ఎర్రగుడ్డ కట్టిన గడకర్రను ముట్టుకోవాలి. ముట్టుకోగానే తర్వాతివాడు దూకాలి. నాకు పెళ్ళై ఎక్కువ కాలం కాలేదు, కడుపుతో ఉన్నాను. ఒక్క పందెంలో నాకు మొగుడి ఉద్యోగం, తమ్ముడి ఉద్యోగం రెండూ ఉన్నాయి. ఒడ్డున నిలబడి పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పట్నం నుంచి వచ్చినవాళ్ళు, దిగువ లంక ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు డబ్బాలు కొడుతూ పేర్లు పెట్టి అరుస్తున్నారు. మా వాడవాళ్ళు మాత్రం శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. జనం మమ్మల్ని చూసి వీళ్ళకేం పట్టదా అనుకున్నారట. మాకే ఎక్కువ పట్టింది, నోరు తెరిచే దారి లేక.

పెద్దవాడు ముందుగా వచ్చాడు. మా ఆయన దూకాడు. బల్లకట్టు దాకా ఆయన చేతులు గెడలు వేసినట్టు పడ్డాయి, చుట్టి తిరిగాక ఆ ఊపు తగ్గింది. ఆ వారమంతా ఆయనకు ఒంట్లో వేడి, వద్దంటే వినలేదు. లంక ఊళ్ళ పిల్లవాడు పక్కకొచ్చేశాడు. ఇద్దరూ రేవు దగ్గరకు వచ్చేసరికి మా ఆయన మొహం నాకు కనబడింది. నల్లటి మనిషి, పెదాలు బూడిద రంగుకు తిరిగాయి, నోరు నీటికి పైనా కిందా అన్నట్టుంది. ఎలాగో చెయ్యి చాచి గడకర్రను ముట్టుకున్నాడు. ముందు ముట్టుకున్నది ఆయనే. మెట్టు మీద మా తమ్ముడు వంగి సిద్ధంగా ఉన్నాడు. వాడు ఎగరడం మానేసి మెట్టు మీద మోకాళ్ళ మీద పడి చెయ్యిచ్చాడు. ఇచ్చి, రెక్క పట్టి పైకి లాగి, మెట్టు మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, అప్పుడు దూకాడు.

ఎంతసేపని అడక్కండి, మనిషి ఊపిరి తీసి వదిలేంతసేపు. ఆ కాస్తలో పక్కవాడు వెళ్ళిపోయాడు. అప్పటిదాకా నోరు మెదపని మా వాడ మొత్తం పద్ధతీ గిద్దతీ మర్చిపోయి ఒక్కసారి దూకరా దూకరా అని అరిచింది. అరిచింది వాడు దూకేశాక. వాడు ప్రాణం పెట్టి ఈదాడు, ఆఖరున మా చిన్నవాడు ఇంకా గట్టిగా ఈదాడు, జానెడు దూరంలో పోయింది. ఉద్యోగాలు లంక ఊళ్ళ పిల్లలకు వెళ్ళాయి. వాళ్ళూ మాలాంటి పల్లెవాళ్ళే, ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

తెలుగులో చెయ్యిచ్చాడు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నమ్మించి ముంచాడు అని. ఆ సాయంత్రం నుంచి మా తమ్ముడికి అదే పేరు. వాడు చేసింది అదే మాట, వాడిమీద పడింది అదే మాట, రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఎవడికీ పట్టలేదు. ఎదురుపడితే "ఏరా చెయ్యిచ్చినోడా" అని పలకరింపు. మా పెదనాన్న కొడుకులు మొదట కోపంతో అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు అదే వాడి పేరనుకుని వరస కలిపి చెయ్యిచ్చిన బాబాయి అన్నారు. వాడికి సంబంధం చూడడానికి పోతే, అవతల పెద్దమనిషి చుట్ట తీసి, "మర్యాదస్తులే గానండీ, చెయ్యిచ్చినోడికి పిల్లనెట్టా ఇమ్మంటారు?" అన్నాడు. ఏం జరిగిందో విడమర్చి చెప్పి ఒప్పించేసరికి మా నాన్న నోరు పడిపోయింది. ఇంతా విని ఆ పెద్దమనిషి, అయితే మంచోడే కానీ తెలివితక్కువోడన్నమాట అని తేల్చి పిల్లనిచ్చాడు.

మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి ఉన్నది చెప్పినా తప్పులేదు, ఉన్నప్పుడు కూడా మొహం మీదే చెప్పాను. నేను మునగట్లేదు, నన్నెవడు లాగమన్నాడు అన్నది ఆయన మాట. బతికున్నంతకాలం ఆ మాట మీదే నిలబడ్డాడు. మునిగేవాడే. నేను చూశాను. ఆ బూడిదరంగు పెదాలు నాకు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడతాయి. కానీ ఒడ్డున నిలబడ్డ కడుపుతో ఉన్న ఆడదాని మాట ఎవరిక్కావాలి, మొగుడు బతికాడు కాబట్టి అలా అంటోంది అన్నారు. మా ఆయన మాత్రం ఒక పని చేసేవాడు. ఎప్పుడు పడవ ఎక్కాల్సొచ్చినా, చుట్టూ ఎంతమంది చేతులు చాచినా, మా తమ్ముడు ఎక్కడున్నాడో చూసుకుని వాడి చెయ్యే పట్టుకుని ఎక్కేవాడు. నోటితో మాత్రం ఒప్పుకోలేదు. మగవాళ్ళు కొందరంతే.

మా తమ్ముడు కొన్నాళ్ళకు నది వదిలేసి పట్నంలోని వన్ టౌన్‌లో గోడౌన్ల దగ్గర బస్తాలు మోసే పనికి పోయాడు. అక్కడికి పేరు రాదనుకున్నాడు పాపం. చేపలమ్మడానికి మేం పోయే సంత కూడా అదే కదా, మా వాళ్ళలో ఎవడో కేకేశాడు, ఇక జట్టు హమాలీలందరి నోటా వాడికి అదే పేరు. ఒకసారి వాణ్ణి అడిగాను, ఎందుకిచ్చావురా అని. చాలాసేపు బీడీ కాల్చి, "నేను ఇవ్వాలనుకోలేదక్కా. చెయ్యే వెళ్ళింది," అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ఫెర్రీ దగ్గర పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. చేపలవాసన పోకుండానే వెళ్ళి కూర్చునేవాళ్ళం, పంతులమ్మ ముక్కు మూసుకోకుండా చెప్పేది, అందుకు ఆమెకు దణ్ణం. గుణింతాలు ఒత్తులు అయ్యాక, మీ ఇంటి సంగతి సొంతంగా ఒక వాక్యం రాయమంది. నేను చెమటలు కక్కుతూ పలక మీద రాశాను, మా తమ్ముడు చెయ్యిచ్చాడు అని. ఆమె చూసి, "అయ్యో, ఏం మోసం చేశాడమ్మా?" అంది. కథంతా చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, అయితే చెయ్యి అందించాడు అని రాయండి, అప్పుడు అపార్థం ఉండదు అంది. రాసి చూశాను. తప్పేం లేదు, కానీ అది మాటలా లేదు. మేం అలా అనం. చెరిపేసి మళ్ళీ ముందుదే రాశాను. నాకు అక్షరాలొచ్చి మొట్టమొదట తెలిసింది ఏమిటంటే, రాసినంత మాత్రాన మనం అనుకున్నది ఎదుటివాళ్ళకు చేరదని.

ఇక మొన్నటి సంగతికొస్తాను. మా తమ్ముడి కొడుకు, అంటే నా మేనల్లుడు, మార్కెట్లో చేపలకొట్టు నడుపుతాడు. వాడి కూతురే ఆ టీవీలో ఉన్న పిల్ల. చిన్నప్పుడు ఏదో ఆయాసమని డాక్టరు ఈత నేర్పించమంటే సిమెంటు తొట్టెలో వేశారు. ఇప్పుడు ఈతంటే అదే కదా, అద్దాలు టోపీలు పెట్టుకుని, మందువాసన వచ్చే నీళ్ళలో. తొట్టెలో వేసిన పిల్ల చేపైంది. జిల్లా అన్నారు, రాష్ట్రం అన్నారు, చివరికి దేశం తరఫున ఆసియా దేశాల పిల్లల పోటీలకు విమానమెక్కింది. మెడల్ తెస్తే పెద్ద ఊళ్ళో ఈత హాస్టల్లో సీటు, తేకపోతే వచ్చి మళ్ళీ ఇక్కడే. అది పిల్లకున్న గొడవ. మా తమ్ముడికి ఇంకొకటి ఉంది. ఆ ఇంటి మీదున్న పేరు ఆ పిల్లతో పోతుందని వాడు ఆశపడ్డాడు. నోరు తెరిచి చెప్పలేదు గానీ, రోజూ పొద్దున్నే కొడుకు స్కూటర్ వెనక మనవరాలితో పాటు ఎక్కి వెళ్ళి, తొట్టె పక్క మెట్ల మీద కూర్చుని చూసి వచ్చే ముసలివాడి మనసు నాకు తెలియదా. కోచ్ చెప్పేవాటిలో వాడు వేలు పెట్టలేదు. పిల్లకు చెప్పింది ఒక్కటే. ముందు పిల్ల ఈదుకుంటూ వచ్చేటప్పుడు దాని మొహం చూడకు, చెయ్యే చూడు అని. ఎందుకు తాతా అని అడిగితే, మొహం చూస్తే పని జరగదమ్మా అన్నాడట.

వాళ్ళుండేది ఎండుమిర్చి గోడౌను పైన. మెట్లెక్కుతుంటేనే తుమ్ములు. నేను బస్సు దిగి వెళ్ళేసరికే గది నిండిపోయింది. కింద బస్తాలు దించే జట్టంతా తలగుడ్డలు విప్పుకుని వచ్చి గోడలకు ఆనుకుని ఉన్నారు. పిల్ల తల్లి, మా తమ్ముడి కోడలు, చూడలేనని వంటింటి గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. మేనల్లుడు ఫోన్లో బొమ్మను ఏదో వైరుతో టీవీలోకి ఎక్కించాడు. జట్టు పెద్ద, మా తమ్ముడితో కలిసి బస్తాలు మోసి ముసలివాడైన మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏరా చెయ్యిచ్చినోడా, మనవరాలు కూడా మనకి చెయ్యివ్వదు గదా?" అన్నాడు.

"మెడల్ రానీ. ఇయ్యాళ్టి నుంచీ ఆ పేరు తీసి కాలవలో పారేస్తా. ఎవడిక్కావాలో దూకి ఎతుక్కోండి."

"ఎవడు దూకుతాడ్రా, ఎవడు చెయ్యిస్తాడు పైకి లాగడానికి?"

"నేనున్నాగా," అన్నాడు మా తమ్ముడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. నేను వాడలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

మా పిల్ల మూడోది. మొదటి పిల్ల బాగానే ఈదింది. జపాను పిల్లలూ చైనా పిల్లలూ ముందే వెళ్ళిపోయారు, వాళ్ళ సంగతి వేరు. మూడో చోటు కోసం మన పిల్లలకూ సింగపూరు పిల్లలకూ పట్టుకుంది. రెండో పిల్ల వచ్చేసరికి పక్క గీతలో పిల్ల కొంచెం ముందుంది. మేనల్లుడు మోకాళ్ళ మీద లేచి, "లాగమ్మా, లాగు తల్లీ," అని కూతురి పేరు పెట్టి అరవడం మొదలుపెట్టాడు.

"పేరెట్టి పిలవకురా, తల తిప్పుద్ది," అన్నాడు మా తమ్ముడు.

"టీవీలో ఉన్నది తల తిప్పుద్దా నాన్నా?"

"తిప్పినా తిప్పుద్ది. నోర్ముయ్యి."

వాడు నోరు మూశాడు. నేను ఎప్పుడు కుక్కుకున్నానో, పైట కొంగు నా నోట్లో ఉంది. మా పిల్ల దిమ్మ మీద వంగింది, మెడ చాచి నీళ్ళకేసి చూస్తోంది. వచ్చే పిల్ల చేతికీ గోడకూ ఇంకా కాస్త ఎడం ఉంది. సరిగ్గా అక్కడ బొమ్మ ఆగిపోయి, మధ్యలో తెల్లటి సున్నా గిరగిరా తిరగడం మొదలెట్టింది. గది గదంతా ఆ సున్నా కేసి చూస్తూ కూర్చుంది. ఎవరో ఫోను కిటికీ దగ్గర పెట్టమన్నారు, ఎవరో కదపొద్దన్నారు, మేనల్లుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని దేవుడి పళ్ళెం ఎత్తినట్టు ఎత్తాడు. అక్కడ పిల్ల ఏమైందో, ఎగిరిందో లేదో. మా తమ్ముడి కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి కొంచెం ముందుకు చాచి ఉంది, వాడికి తెలియదు.

బొమ్మ కదిలేసరికి మా పిల్ల నీళ్ళలో ఉంది. పక్కదానికంటే తల ముందుంది. అమ్మయ్య ఎగిరింది అన్నాడు తమ్ముడు, గట్టిగా కాదు, తనలో తనే. గోడ దాకా వెళ్ళి పిల్లిమొగ్గ వేసి తిరిగొచ్చింది. ఆఖరి పిల్ల దూకింది. అక్కణ్ణుంచీ ఎవరు ఎవరి పేరు పెట్టి పిలిచారో, ఎవరు ఎవరి భుజం మీద గుద్దారో చెప్పలేను. జట్టు పెద్ద కళ్ళజోడు కింద పడి ఎవరి కాలి కిందో పోయింది. మా ఆఖరి పిల్ల, సింగపూరు పిల్ల ఒక్కసారే చేతులు చాచారు. గోడ మీద చేతులు పడ్డాయి. టీవీలో మూడో అంకె పక్కన మన దేశం జెండా వచ్చింది.

మా కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి మొగుణ్ణి అందరిముందూ కావలించుకుంది. హమాలీలు పళ్ళేలు తీసి వాయించారు. కింద గోడౌనులో ఎవడో ఖాళీ డబ్బా కొట్టాడు. "పారెయ్యరా పేరు, పారెయ్యి కాలవలో," అని జట్టు పెద్ద మా తమ్ముడి నెత్తి మీద తన తలగుడ్డ కట్టాడు. తమ్ముడు ఆ గుడ్డ సర్దుకుంటున్నాడు.

అంతలో ఒక్కొక్కళ్ళూ ఆగిపోయారు. ముందు మేనల్లుడు, తర్వాత పళ్ళేలు వాయించేవాళ్ళు. టీవీలో మూడో అంకె పక్కన ఇంకో జెండా ఉంది. మన జెండా అన్నిటికీ కిందకు పోయింది, దాని పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. నాకు తెలుగు వచ్చు, అంకెలు వచ్చు, ఆ రెండక్షరాలు రావు. ఏవైందిరా అని అడిగాను.

"తీసేశారత్తా," అన్నాడు మేనల్లుడు. "మన పిల్లల్ని లెక్కలోంచి తీసేశారు."

ఎందుకు తీసేశారో టీవీవాళ్ళే చూపించారు. సున్నా తిరుగుతున్నప్పుడు మేం చూడలేకపోయింది, ఇప్పుడు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా చూపించారు. వచ్చే పిల్ల చెయ్యి నీళ్ళలోంచి లేచి గోడకేసి వస్తోంది. మా పిల్ల మోకాళ్ళు వంగి, మడమలు లేచి, వేళ్ళు దిమ్మను వదిలాయి. అప్పటికి ఆ చెయ్యి గోడకు తగల్లేదు. వెంట్రుకవాసి. చెయ్యి తగలకముందే ఎగిరిందని, అది తప్పని. ఒకసారి చూపించి ఊరుకోలేదు. పక్కనుంచి చూపించారు, పైనుంచి చూపించారు, నీళ్ళ లోపల్నుంచి చూపించారు. ప్రతిసారీ ఈసారైనా ఆగుతుందేమో అన్నట్టు గది మొత్తం చూసింది. ప్రతిసారీ ఆ కాలివేళ్ళు ముందే లేచాయి.

తర్వాత పిల్లను చూపించారు. తువ్వాలు కప్పుకుని గోడవారగా నిలబడింది. మిగతా ముగ్గురూ కొంచెం దూరంలో ఉన్నారు. కోపమో, ఏం చెయ్యాలో తెలియకో, చిన్నపిల్లలే కదా. మా కోడలు టీవీ దగ్గరకెళ్ళి తెర మీద పిల్ల చెంప తుడిచినట్టు వేలితో తుడిచింది. అంతలో బొమ్మ మారి ఎవరో చైనా పిల్ల నవ్వు వచ్చింది. కోడలి వేలు ఆ పిల్ల నవ్వు మీద ఉండిపోయింది.

హమాలీలు ఒక్కొక్కళ్ళే దిగిపోయారు. జట్టు పెద్ద తలగుడ్డ అడగలేదు. మధ్యాహ్నం అన్నాలు ఎవరూ పెట్టుకోలేదు. మేనల్లుడి ఫోను మాత్రం ఊరుకోలేదు. ఎవరెవరో ఆ నెమ్మది బొమ్మనే ముక్కగా కోసి పంపిస్తున్నారు, కింద రాతలు రాసి. వాడు చదివి ఫోను బోర్లా పెడుతున్నాడు, మళ్ళీ తిప్పి చూస్తున్నాడు. నేను ఆ ఫోను లాక్కుని చాప కింద పెట్టాను.

పొద్దు వాలాక పిల్ల ఫోను వచ్చింది. అమ్మతో మాట్లాడనంది, నాన్నతో మాట్లాడనంది, తాతకివ్వమంది. వాడికి చెవుడు కాబట్టి పెద్దగా వినబడేట్టు పెట్టారు, అందుకని మేమంతా విన్నాం. కాసేపు ఏడుపే.

"నువ్వు చెప్పినట్టే మొహం చూడలేదు తాతా. చెయ్యే చూశాను. వచ్చేసిందనుకున్నాను."

"వచ్చేసినట్టే ఉంటుందమ్మా. నీళ్ళలో అట్టాగే కనబడుద్ది."

"ముగ్గురూ నాతో మాట్లాడట్లేదు. అందరికీ హ్యాండిచ్చేశాను తాతా."

మాట కూడా ఇప్పుడు ఇంగ్లీషులోకి పోయింది, అర్థం మాత్రం అదే. మా మేనల్లుడు తల దించుకున్నాడు. నేను తమ్ముడి మొహం చూడలేక వాడి చెయ్యి చూశాను.

"నోర్ముయ్యి," అన్నాడు. "చెయ్యిచ్చినోణ్ణి నేను. ఫెర్రీ దగ్గర్నుంచి వన్ టౌన్ దాకా ఎవర్నైనా అడుగు, ఆ పేరు నాది. మోసి మోసి భుజం కాయకాసింది. నీకెవరిచ్చారు? నేను ఇవ్వను."

అవతల ఏడుపు ఆగింది. "అదేంటి తాతా," అంది పిల్ల. ముక్కు ఎగబీల్చింది, కొంచెం నవ్వినట్టు కూడా వినబడింది నాకు, నా చెవులకు అలా కావాలనిపించి వినబడిందేమో చెప్పలేను.

ఫోను పెట్టేశాక వాడు నెత్తి మీద గుడ్డ విప్పి మడతపెట్టి కిందకు దిగాడు. నేనూ బస్సుకని వెనకే దిగాను. గోడౌను ముందు బండి మీద కూర్చున్న జట్టు పెద్ద వీణ్ణి చూసి ఏమని పిలవాలో తెలియక నోరు తెరిచి మూశాడు. మా తమ్ముడు గుడ్డ వాడి ఒళ్ళో పడేసి, "పిలవ్వేంరా? చెయ్యిచ్చినోడా టీకి రా అనవేం?" అన్నాడు. వాడు అలాగే అన్నాడు. ఆ, వస్తున్నా అని మా తమ్ముడు వీధి చివరిదాకా వినబడేట్టు పలికాడు. అంత పెద్దగా వాడు ఆ పేరుకు పలకడం నేను ఎన్నడూ వినలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నదిని చూస్తూ ఇల్లు చేరాను. ఇప్పుడు మా రేవుకు ఇనపకంచె వేశారు. పిల్లలు దూకడానికి లేదు. బల్లకట్లు పోయాయి, పడవలకు ఇంజన్లొచ్చాయి, నీళ్ళలోంచి ఈదుకుంటూ వచ్చేవాడు లేడు కాబట్టి వంగి చెయ్యిచ్చేవాడూ లేడు. ఆ పద్ధతి తప్పని ఎవరూ అనలేదు, దానికి పని లేకుండా పోయింది అంతే. ఆ రోజుల్లో మా తమ్ముడు ఓడిపోతే ఒక ఒడ్డు చూసింది, ఒక్కసారే చూసింది, ఆ తర్వాత మిగిలింది ఒక పేరే. ఈ పిల్ల ఓటమిని ఎవరు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా చూసుకోవచ్చు. అప్పుడు మేం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డా, మనిషి ఒడ్డుకొచ్చాక కప్పడానికి ఆ కొంగే ఉండేది. మొన్న గదినిండా మనుషులం ఉన్నాం, బస్తాలెత్తే చేతులు, చేపలు కోసే చేతులు, మనిషిని నీళ్ళలోంచి లాగిన చెయ్యి కూడా ఉంది. పిల్ల అక్కడ గోడవారగా తువ్వాలు కప్పుకుని ఒక్కతీ నిలబడింది. ఇక్కడ మా చేతులన్నీ మా ఒళ్ళోనే ఉండిపోయాయి.